పోయినవారి పద్దు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదువబడిన ఉపన్యాసము)



రజతోత్సవ వేదికపై కావ్యములను గూర్చియో పురాణములను గూర్చియో ప్రసంగించుట వాడుక. మరణము, అప్పులు, బీమా సొమ్ము అను మాటలు ఉత్సవమునకు తగినవి కావని కొందరికి తోచవచ్చును. కాని కర్నూలున జన్మించిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు గ్రంథాలయముతోపాటు వయోజన విద్యకును పాటుపడిరి. చదువు వచ్చినవాడు చేవ్రాలు చేయుటకు ముందు కాగితమును చదువవలెను. చదువు రానివారికి చదివి చెప్పువాడొకడు ఊరిలో ఉండవలెను. ఆ రెండు కృషుల ఫలమును ఇదియే. చదువు రానందువలన గాని, చదివియు ఆలోచింపనందువలన గాని ఒక కుటుంబము మిక్కిలిగా నష్టపడు సమయమొకటి కలదు. అది ఇంటి యజమాని కన్నుమూసిన తరువాతి పక్షము రోజులు. ఆ దినములను గూర్చినదే ఈ ప్రసంగము.

హరిశ్చంద్ర నాటకమును చూడని పల్లె ఈ సీమలో అరుదు. విశ్వామిత్రుని ఋణము కొఱకు నక్షత్రకుడు రాజును అడుగడుగున వేధించుట ఎల్లరు నెరిగినదే. అప్పులవాడు విడువక వెంటబడినచో నేటికిని జనులు వానిని నక్షత్రకుడనియే అందురు. ఆ కథలో ఒక సూక్ష్మము దాగియున్నది. ఋణము హరిశ్చంద్రుని నోటిమాట వలన పుట్టినది. ఆ భారమును అతడు తనంత తలదాల్చెను. లోహితాస్యుడు ఎవనికిని మాట ఈయలేదు. అయినను తల్లితోపాటు ఆ బాలుడును అమ్ముడువోయెను. తండ్రి చేసిన ఋణమునకు బిడ్డ ఎంతవరకు బద్ధుడు? భర్త వ్రాసిన పత్రమునకు భార్య ఎంతవరకు బాధ్యురాలు? ఈ ప్రశ్నలు నాటకముతో ముగిసినవి కావు. నంద్యాలలోను, ఆళ్లగడ్డలోను, చుట్టుప్రక్కల పల్లెలలోను మరణము సంభవించిన ప్రతి ఇంటి వాకిట నేటికిని అవి నిలిచియే యున్నవి.

ఆ వాకిలి ఎట్లుండునో అందరెరుగుదురు. దహనమైన మూడవనాడు బంధువులు గుసగుసలాడుదురు. అయిదవనాడు ఎరువుల అంగడివాడు పలుకరింపు నెపమున వచ్చి చాపపై కూర్చుండును. పదకొండవనాడు పిండప్రదానము ముగియకమునుపే ప్రోనోటు జేబులో పెట్టుకొని ఒకరిద్దరు అరుగు మీదికి చేరుదురు. “చచ్చినవాని ఆత్మ శాంతింపవలెనన్న అప్పు ఉండరాదు” అని ఒకరందురు. “బీమా సొమ్ము వచ్చునటగదా!” అని మరియొకరందురు. అన్నము ముట్టక, నిద్ర లేక, తల యెత్తలేక యున్న ఆ ఇల్లాలి ముందు ఎవరో ఒక కాగితము పరచి, వ్రేలిముద్రయో సంతకమో వేయుమందురు. ఆ ఒక్క సంతకము వలన ఆమె బిడ్డల పది సంవత్సరముల బ్రతుకు మారిపోవచ్చును.

కావున ఈ ప్రసంగమున చెప్పదలచినది ఒకే మాట. పోయినవారి బీమా ఒక పద్దు. పోయినవారి అప్పు వేరొక పద్దు. రెండింటిని వేర్వేరుగా వ్రాసి, కూడి, సరిచూచినదాక ఒకదానిని మరొకదానిలో కలుపరాదు. దినకర్మలు ముగియువరకు ఏ కాగితము మీదను కొత్తగా చేవ్రాలు చేయరాదు.

ముందుగా అప్పుల పద్దు. తండ్రి ఋణము కుమారుడు తీర్చవలెననుట ఈ దేశమున ప్రాచీనమైన ధర్మము. యాజ్ఞవల్క్య స్మృతి ఋణాదానమును వ్యవహార భాగమున చర్చించినది. దానికి విజ్ఞానేశ్వరుడు మితాక్షర అను వ్యాఖ్య రచించెను. 13వ శతాబ్దమున తిక్కన సోమయాజి కాలమువాడగు కేతన ఆ మితాక్షరను విజ్ఞానేశ్వరీయమను పేర తెనుగు పద్యములలోనికి తెచ్చెను. ధర్మశాస్త్రము పండితుల సొత్తుగా నుండిపోరాదని తెలుగుకవి అంతనాడే తలచుట గమనింపదగినది. ఆ స్మృతికారుడు సైతము పుత్రుని మీద హద్దులేని భారము మోపలేదు. త్రాగుడు కొఱకును, జూదము కొఱకును, కామము కొఱకును తండ్రి చేసిన అప్పు కొడుకు తీర్చనక్కరలేదని స్పష్టముగా చెప్పెను. దండనగా విధించిన ధనములో మిగిలిన బాకీ సైతము కొడుకుది కాదనెను. ఋణము పవిత్రమే యైనను ప్రతి ఋణమును పవిత్రము కాదని దీని తాత్పర్యము.

ఆంగ్లేయుల కాలపు న్యాయస్థానములు ఈ పుత్రధర్మమును గైకొని, తండ్రి అప్పుకై కుమారుని పిత్రార్జిత భాగమును సైతము బద్ధము చేసినవి. ఆ స్థితి చాలకాలము సాగినది. హిందూ వారసత్వ చట్టమునకు 2005లో జరిగిన సవరణ దానిని మార్చినది. ఆ సంవత్సరము సెప్టెంబరు 9 నుండి, కేవలము పుత్రధర్మము అను కారణము చేత తండ్రి, తాత, ముత్తాతల అప్పులకై కొడుకు మీదను, మనుమని మీదను, మునిమనుమని మీదను న్యాయస్థానము చర్య తీసికొనరాదు. అంతకు పూర్వము చేసిన అప్పులకు మాత్రము పాత పద్ధతియే వర్తించును.

అంతమాత్రమున అప్పు మాసిపోయినదని సంతోషింపరాదు. పోయినవాని ఆస్తి వారసులకు చేరినచో, ఆ ఆస్తి మేరకు అప్పు తీర్చవలసియే యుండును. సివిల్ ప్రొసీజరు కోడ్ 52వ సెక్షను చెప్పునది ఇదియే: వారసుని చేతికి వచ్చిన మృతుని ఆస్తి ఎంతయో అంతవరకే వారసుడు బాధ్యుడు. 2 లక్షల ఆస్తి చేరి 5 లక్షల అప్పు ఉన్నచో, మిగిలిన 3 లక్షలకై వారసుని సొంత కష్టార్జితమును, భార్య పుట్టింటివారు పెట్టిన నగను ముట్టుటకు వీలులేదు. ఐతే ఆమె ఆ పత్రములో తాను కూడ సంతకము చేసినదియో, జామీను నిలిచినదియో ఐనచో అది ఆమె సొంత అప్పే యగును. కావున ప్రతి పత్రములోను ఎవరెవరి చేవ్రాళ్లు ఉన్నవో మొట్టమొదట చూడవలెను.

ప్రోనోటునకు ఆయువు కలదు. 1963 నాటి కాలపరిమితి చట్టము ననుసరించి, సాధారణముగా 3 సంవత్సరములలో దావా వేయవలెను. ఆ గడువులోపల కొంత చెల్లించి పత్రము వెనుక చెల్లు వ్రాసి సంతకము చేసినను, అప్పున్నదని వ్రాతపూర్వకముగా ఒప్పుకొన్నను గడువు ఆనాటి నుండి మరల మొదలగును. ఏదియు లేక గడువు దాటినచో న్యాయస్థానము ఆ అప్పును వసూలు చేసి ఈయదు. కాని కాంట్రాక్టు చట్టము 25వ సెక్షను ప్రకారము, కాలదోషము పట్టిన అప్పును చెల్లింతునని కొత్తగా వ్రాసి సంతకము చేసినచో ఆ చచ్చిన పత్రము బ్రతుకును. పదకొండవనాడు అరుగు మీద పరచబడు కాగితము తరచుగా ఇట్టిదే. పాత పత్రము చింపి కొత్త పత్రము వ్రాసి ఇమ్మనుటలో గల కీలకము ఇందే యున్నది. భర్త అప్పు భార్య అప్పుగా మారుటయు, ఆస్తి మేరకే యున్న బాధ్యత ఆమె మెడకు చుట్టుకొనుటయు ఆ ఒక్క చేవ్రాలుతోనే జరుగును.

ఇక బీమా పద్దు. జీవిత బీమా ఈ దేశమునకు కొత్తది కాదు. ఓరియంటల్ బీమా కంపెనీ బొంబాయిలో 1874లో వెలసినది. తెలుగునాట భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు మచిలీపట్టణమున 1923లో ఆంధ్రా బ్యాంకును, 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీని స్థాపించిరి. స్వాతంత్ర్యానంతరము 1956లో ప్రభుత్వము 245 స్వదేశ, విదేశ బీమా సంస్థలను, ప్రావిడెంటు సొసైటీలను స్వాధీనము చేసికొని, ఆ సంవత్సరము సెప్టెంబరు 1న జీవిత బీమా సంస్థను నెలకొల్పినది. నేడు దానితోపాటు ప్రైవేటు కంపెనీలును కలవు.

బీమా సొమ్ము ఎవరిది? ఇందు మూడు విషయములు తెలియవలెను.

మొదటిది నామినీ సంగతి. పాలసీ పత్రములో పేరున్నవాడే సొమ్ముకు సర్వస్వతంత్రుడని జనులు తలతురు. 1984లో సుప్రీంకోర్టు, నామినీ కేవలము సొమ్మును అందుకొను చేయి మాత్రమేయనియు, ఆ సొమ్ము వారసులకు చెందవలెననియు తీర్పు చెప్పినది. 2015లో బీమా చట్టమును సవరించి, తల్లిదండ్రులు, భార్య లేక భర్త, బిడ్డలు నామినీలైనచో ఆ సొమ్ము ప్రయోజనము వారికే చెందునని 39వ సెక్షనులో చేర్చిరి. ఈ సవరణ ఇతర వారసుల హక్కును ఎంతవరకు దాటునో న్యాయస్థానములలో ఇంకను తర్కము జరుగుచునే యున్నది. కావున తల్లికిని కోడలికిని, మొదటి భార్య బిడ్డలకును రెండవ భార్యకును వివాదమున్న ఇండ్లలో న్యాయవాదిని అడుగక పంచుకొనరాదు. హిందూ వారసత్వమున భార్యకును, కొడుకులకును, కూతుండ్రకును తోడు మృతుని తల్లికి కూడ సమాన భాగము కలదని మరువరాదు.

రెండవది పాలసీ మీద తీసిన అప్పు. మృతుడు పాలసీ తాకట్టు పెట్టి సంస్థ వద్దనే అప్పు తీసియున్నచో, అసలును వడ్డీని కోసికొని మిగిలినదే ఇత్తురు. పాలసీని బ్యాంకునకు వ్రాసి ఇచ్చియున్నచో ఆ బ్యాంకు హక్కే ముందు నిలుచును.

మూడవది మిక్కిలి ముఖ్యమైనది; చాలమందికి తెలియనిది. అప్పులవారి చేయి అందని బీమా ఒకటి కలదు. 1840లో న్యూయార్కు రాష్ట్రమున ఒక చట్టము చేసి, భర్త ప్రాణము మీది బీమా సొమ్మును అతని అప్పులవారి నుండి తప్పించి భార్యకు దక్కునట్లు చేసిరి. 1870లో ఇంగ్లండు ఇట్టి రక్షణనే కల్పించినది. 1874లో ఈ దేశమున వివాహిత స్త్రీల ఆస్తి చట్టము వచ్చినది. దాని 6వ సెక్షను ప్రకారము, వివాహితుడు తన భార్య కొఱకు గాని, బిడ్డల కొఱకు గాని అని పాలసీలోనే పేర్కొని బీమా చేసినచో, అది వారి కొఱకైన నిక్షేపమగును. ఆ ప్రయోజనము నెరవేరువరకు అది భర్త ఆస్తిలో చేరదు. అతని అప్పులవారికి లోబడదు. అప్పులవారిని మోసగించు తలంపుతో కట్టిన ప్రీమియములకు మాత్రము ఈ రక్షణ లేదు. హిందువులు, మహమ్మదీయులు మొదలగువారి పాలసీలకు ఇది వర్తించుట ఇతర ప్రాంతములలో 1923 ఏప్రిలు 1 తరువాత మాత్రమే. మదరాసులోనో 1913 డిసెంబరు 31 తరువాతనే. నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతములు నాడు మదరాసు రాజధానిలోనివే గదా! అనగా ఈ సీమ స్త్రీకి ఈ హక్కు వచ్చి నూరేండ్లు దాటినది. ఐనను ఎన్ని ఇండ్లలో దీని పేరు విన్నారు? పాలసీ తీసికొను దినముననే ఆ ఫారమును అడిగి పూరింపవలెను; తరువాత చేర్చుటకు వీలుపడదు.

ఈ రెండు పద్దులు ఎట్లు కలిసి నడచునో తెలియుటకు ఒక ఉదాహరణము కల్పించి చెప్పికొందము. ఆళ్లగడ్డ చేరువ పల్లెలో 46 ఏండ్ల రైతు గుండెజబ్బుతో పోయినాడనుకొందము. భార్య, ఇద్దరు బిడ్డలు, 3 ఎకరముల నేల. అతడు 14 ఏండ్ల క్రిందట 3,00,000 రూపాయల పాలసీ తీసియుండెను. దాని మీద తీసిన అప్పు వడ్డీతో 50,000. లాభాంశమును లెక్కింపకున్నను చేతికి వచ్చునది 2,50,000.

అప్పులవారు అడుగునది ఇది: నేల హామీగా బ్యాంకు పంట ఋణము 1,60,000, బంగారము తాకట్టుపై 90,000, రెండేండ్ల నాటి ప్రోనోటు 1,00,000, నూటికి నెలకు 2 రూపాయల వడ్డీ చొప్పున 24 నెలలకు 48,000, వెరసి 1,48,000, అయిదేండ్ల నాటి ప్రోనోటు 50,000, చెల్లు ఏమియు లేదు, అదే వడ్డీతో 1,10,000, ఎరువుల అంగడి ఖాతా 42,000, పొరుగింటివాడు కాగితము లేక ఇచ్చిన చేబదులు 20,000. మొత్తము 5,70,000.

తొందరపడు బావమరది ఏమి చేయును? “ఉన్నది రెండున్నర లక్షలు, అడుగునది అయిదు లక్షల డెబ్బది వేలు, ఒక ఎకరము అమ్మి పరువు నిలుపుకొందము” అనును. గట్టిగా అరచినవానికి ముందు చెల్లించును. తరచుగా గట్టిగా అరచువాడు కాలదోషము పట్టిన పత్రమువాడే. న్యాయస్థానమునకు పోలేడు గనుక అరుగు మీదనే తేల్చుకొనవలెను. అతనికి 1,10,000 పోవును. తరువాతివానికి 1,48,000 చాలక కొత్త పత్రము వ్రాయుదురు. బంగారము వేలమునకు పోవును. కాగితము లేని పొరుగువాడు సిగ్గుపడి నోరెత్తడు. అతని ఋణము అట్లే మిగులును.

ఓపికగల గుమాస్తా లెక్క వేరు. అతడు మొదట మృతుని బ్యాంకు పాసుపుస్తకమును తెరచి, మే మాసాంతమున 436 రూపాయల కోత ఉన్నదేమో చూచును. ఉన్నచో అది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా. 2015లో 330 రూపాయల ప్రీమియముతో మొదలై, 2022 జూను నుండి 436 రూపాయలైనది. 18 నుండి 50 ఏండ్లలోపువారు చేరవచ్చును. 55 ఏండ్లవరకు సాగును. ఏ కారణమున మరణించినను నామినీకి 2,00,000 రూపాయలు. 20 రూపాయల కోత ఉన్నచో అది ప్రమాద బీమా; ప్రమాదమున మరణించినచో మరి 2,00,000. ఏడాదికొకసారి తనంత కోయబడు ఈ సొమ్మును గూర్చి ఇంటిలో ఎవరికిని తెలియకుండుట అనేక చోట్ల గలదు. ఈ ఉదాహరణములో 436 రూపాయల కోత కనబడినదనుకొందము. అంతట బీమా పద్దు 4,50,000 అయినది.

తరువాత అప్పులను గట్టిగా అరచువాని క్రమమున గాక, వడ్డీ క్రమమునను హామీ క్రమమునను పేర్చును. నెలకు 2 రూపాయల వడ్డీ అనగా ఏడాదికి నూటికి 24. సకాలమున చెల్లించు రైతునకు పంట ఋణము మీద వడ్డీ నూటికి 4 మాత్రమే. కావున మొదట తీర్పవలసినది ప్రోనోటు. కడపట తీర్పదగినది బ్యాంకు ఋణము. ఊరి పెద్దల యెదుట ప్రోనోటు వడ్డీని రూపాయికి దించుకొన్నచో 1,24,000తో తీరును. బంగారము 90,000 చెల్లించి విడిపింపవలెను. వేలము వేసినచో ధర తగ్గును. అంగడి ఖాతాను పుస్తకముతో సరిచూచి 42,000. పొరుగువాని 20,000కు కాగితము లేకున్నను, ఇల్లాలికి తెలిసిన సత్యమే గదా. అది తప్పక చెల్లింపవలెను. మొత్తము 2,76,000. చేతిలో మిగిలినది 1,74,000. నేల 3 ఎకరములును నిలిచియున్నవి. బ్యాంకు వారితో మాటాడి, పట్టా మార్పించుకొని, వారసుల పేర ఋణమును కొనసాగించుకొనవచ్చును. ఆ ఋణమునకే బీమా కలదా యని కూడ అడుగవలెను. అప్పు ఇచ్చునప్పుడే బీమా రుసుము కోయు సంస్థలు పెక్కు గలవు. అయిదేండ్ల నాటి పత్రము నిజమైన అప్పేనని ఇంటివారికి నమ్మకమున్నచో, దాని అసలు 50,000ను రెండు మూడు పంటలలో తమ ఇష్టముతో ఇచ్చుకొందురు. అది బెదరింపునకు లోబడి కట్టినది కాదు. మనసార చేసిన ఋణవిముక్తి. ఒకే కుటుంబము, ఒకే అప్పు. లెక్క వ్రాసిన తీరులోనే తేడా.

ఇట్లు వేరుచేయుటను ప్రభుత్వమును అంగీకరించినది. అప్పుల బాధతో ఆత్మహత్య చేసికొన్న రైతుల కుటుంబములకై ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2004 జూను 1న ఇచ్చిన ఉత్తరువులో, 1,50,000 రూపాయల సహాయమును రెండుగా విభజించి, 1,00,000 కుటుంబ పోషణకును, 50,000 అప్పుల పరిష్కారమునకును కేటాయించినది. పిమ్మట ఆ మొత్తములు పెరిగినవి. బ్రతికియున్నవారి గ్రాసమును, పోయినవారి అప్పును ఒకే సంచిలో వేయరాదను బుద్ధి ఆ విభజనలో గలదు.

ఇక కాగితముల సంగతి. మరణమును 21 దినములలో పంచాయతీలో గాని పురపాలకములో గాని నమోదు చేయింపవలెను. ఆసుపత్రిలో పోయినచో ఆసుపత్రివారే తెలియజేయుదురు. ఏడాది దాటినచో అధికారి ఉత్తరువు లేనిది నమోదు కాదు. మరణ ధ్రువపత్రములో పేరు, ఆధార్‌లోను పాలసీలోను ఉన్న పేరు ఒక్కటిగా నుండవలెను. ఇంటిపేరు ముందు వెనుకలైనందుననే నెలల తరబడి తిరిగినవారు కలరు. నంద్యాలలోని బీమా శాఖకుగాని, పాలసీ ఏ శాఖలో నున్నదో ఆ శాఖకుగాని పాలసీ సంఖ్యను, మరణ తేదీని, కారణమును వ్రాసి తెలుపవలెను. పాలసీ మూలపత్రము, ధ్రువపత్రము, నామినీ గుర్తింపు కాగితము, బ్యాంకు ఖాతా వివరములు జతపరుపవలెను. పాలసీ మొదలై 3 ఏండ్లు నిండక మరణించినచో వైద్యుని పత్రములను కూడ అడుగుదురు. 3 ఏండ్లు దాటిన పాలసీని ఏ కారణము చేతను ప్రశ్నింపరాదని బీమా చట్టము 45వ సెక్షను శాసించినది. నామినీ లేనిచోటను, వివాదమున్నచోటను న్యాయస్థానము నుండి వారసత్వ ధ్రువపత్రము తీసికొనవలసియుండును.

ప్రీమియము కట్టక నిలిచిపోయిన పాలసీని పనికిరాదని పారవేయరాదు. కొంతకాలము కట్టిన పాలసీకి తగ్గిన విలువ మిగిలియుండవచ్చును; గడువు దినములలో మరణించినచో కట్టని ప్రీమియమును కోసికొని సొమ్మిత్తురు. పెట్టె అడుగున దొరకిన ప్రతి పత్రమును ఆఫీసులో చూపవలెను. పదేండ్లు ఎవరును అడుగని సొమ్ము వృద్ధుల సంక్షేమ నిధికి పోవును. అటుపిమ్మట సైతము 25 ఏండ్లవరకు అడుగుటకు హక్కు కలదు. సంస్థ న్యాయమైన సొమ్మును నిరాకరించినచో, ఏడాదిలోగా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు అర్జీ వ్రాసికొనవచ్చును. దానికి రుసుము లేదు, న్యాయవాదియు అక్కరలేదు. ఇన్ని హక్కులుండగా, సొమ్ము త్వరగా ఇప్పింతునని నూటికింత యని బేరమాడు మధ్యవర్తికి విధవ సొమ్ము ఇచ్చుట ఏల?

ఇంతవరకు చెప్పినది మరణము తరువాతి సంగతి. నిజమైన పని దానికి ముందే కలదు. కాలువ నీరు వచ్చునని తెలిసి గట్లు ముందే వేసికొను కె.సి. కాలువ ఆయకట్టు రైతు, తన మరణము తప్పనిదని తెలిసియు ఒక పుట కాగితము వ్రాసి పెట్టడు. “ఇట్టి మాట ఇంటిలో ఎత్తిన అశుభము” అనును. మరణము మాట ఎత్తినందువలన రాదు; ఎత్తనందువలన ఆగదు. ప్రతి గృహస్థుడును ఏడాదికొకసారి, ఉగాదినాడు పంచాంగము విన్న పిమ్మట, ఒక చిన్న పుస్తకమున వ్రాయవలసినవి ఇవి: ఏ పాలసీలు, వాటి సంఖ్యలు, ఏ బ్యాంకులో ఖాతా, ఎవరికి ఎంత ఈయవలెను, ఏ తేదీ, ఏ వడ్డీ, ఎంత చెల్లు, ఎవరి నుండి ఎంత రావలెను, ఎవరికి జామీను నిలిచినాడు. అప్పు తీర్చిన ప్రతి పత్రమును తిరిగి తీసికొని చింపవలెను. ఖాళీ ప్రోనోటు మీద ప్రాణము పోయినను సంతకము చేయరాదు. పెండ్లికి ముందు తీసిన పాలసీలో తల్లి పేరే నిలిచియున్నదేమో చూచుకొనవలెను. బిడ్డ మైనరైనచో సొమ్ము అందుకొనుటకు పెద్దవానినొకని నియమింపవలెను. ఆ పుస్తకము ఎక్కడ నున్నదో భార్యకు తెలియవలెను. ఆమెకు చదువు రానిచో కూతురికి తెలియవలెను. రహస్యముగా దాచిన లెక్క, లేని లెక్కతో సమానము.

భర్త తనకు అప్పులున్నవని భార్యతో చెప్పుట చిన్నతనమని తలచుట ఈ సీమ పౌరుషమునకు అంటిన మచ్చ. బ్రతికియున్ననాడు చెప్పుటకు సిగ్గుపడిన అప్పును, పోయిన తరువాత పరులు పదిమందిలో ఆమెకు చెప్పుదురు. ఆ అవమానము నుండి ఆమెను తప్పించుటకు ఒక పుట వ్రాత చాలును.

అప్పులు ఇచ్చినవారికిని ఒక విన్నపము కలదు. ఇచ్చినది తిరిగి అడుగుట తప్పు కాదు. ఇచ్చినవాని ఇంటను బిడ్డలుందురు. కాని పదమూడు దినములు ఓపిక పట్టుట ధర్మము. పత్రము నకలును చూపుట, చెల్లులు దాచకుండుట, వడ్డీకి వడ్డీ కట్టకుండుట న్యాయము. ఆ పదమూడు దినములు అరుగు మీదికి రానివాని అప్పే ముందుగా తీరుట అనేక ఇండ్ల అనుభవము.

బీమా ఉన్నదని అప్పును ఎగగొట్టుటయు, అప్పు ఉన్నదని బీమాను విసరివేయుటయు రెండును తప్పులే. మొదటిది పోయినవాని మాటను చంపును. రెండవది ఉన్నవారి బ్రతుకును చంపును. పెద్దలు చెప్పిన ఋణవిముక్తి ఈ రెండింటి నడుమ నున్నది. హరిశ్చంద్రుడు తన మాటను తానే నిలుపుకొనెను. లోహితాస్యుని అమ్మకుండ నిలుపుకొను ఉపాయమును నేటి చట్టమును, లెక్కయు, అక్షరమును కలిసి ఇచ్చుచున్నవి.

ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము ఊరికి పుస్తకములను అందించినది. ఇకమీదట దీని బల్లపై ఇంకొక వాడుక ఏర్పడునుగాక! ఇంటి పెద్దను పోగొట్టుకొన్న ఇల్లాలు తన పత్రముల మూటను ఇక్కడికి తెచ్చునుగాక. చదువు వచ్చిన యువకులిద్దరు ఆమె ముందు కూర్చుండి, ఒక్కొక్క కాగితమును బిగ్గరగా చదివి, రెండు పద్దులను వేర్వేరుగా వ్రాసి ఇత్తురుగాక. ఆమె అవి విని, తెలిసికొని, అటుపిమ్మటనే కలము పట్టునుగాక.

శుభమస్తు.